స్టడీ అవర్ల గురించి ఇంటర్ బోర్డులకి, రెసిడెన్షియల్ కాలేజీ యాజమాన్యాలకి ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియెట్ బోర్డు అధికారులకి, రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకి, డీన్‌లకి, ప్రిన్సిపాల్స్‌కి నమస్కారం.

నేను బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్తాను. చాలా ఏళ్ళుగా ఇదే పని, అందులో ఎక్కువ భాగం హాస్టల్ ఉన్న కాలేజీల్లోనే గడిచింది, క్లాసులతో పాటు స్టడీ అవర్ డ్యూటీలు కూడా చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఏ కాలేజీ పేరూ ఇక్కడ రాయట్లేదు. పేరు రాస్తే మాట అంతా ఆ ఒక్క కాలేజీ మీదకి పోతుంది, నేను చెప్పాలనుకున్నది విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా, తిరుపతి నుంచి వరంగల్ దాకా దాదాపు ఒకేలా నడుస్తున్న టైంటేబుల్ గురించి.

ఆ టైంటేబుల్ మీకు తెలియనిది కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదుకో బెల్లు, మొహం కడుక్కున్నారో లేదో మార్నింగ్ స్టడీ, టిఫిన్, క్లాసులు, భోజనం, మళ్ళీ క్లాసులు, సాయంత్రం కాసేపు గ్రౌండ్ ఉంటే గ్రౌండు లేకపోతే కారిడారు, స్టడీ అవర్, డిన్నర్, మళ్ళీ స్టడీ అవర్, పదిన్నరకో పదకొండుకో లైట్లు ఆపడం, ప్రీఫైనల్స్ దగ్గరపడితే అదీ ఉండదు. కొన్నిచోట్ల కాస్త నయం, కొన్నిచోట్ల ఇంకా ఘోరం. మొత్తమ్మీద పదహారు పదిహేడేళ్ళ పిల్లకి రోజుకి ఐదారు గంటల నిద్ర మిగిలితే గొప్ప.

ఇదంతా ఒకే ఒక్క నమ్మకం మీద నడుస్తోంది, పుస్తకం ముందు ఎన్ని గంటలు కూర్చోబెడితే అంత బుర్రకెక్కుతుంది అని. పేరెంట్స్ కూడా అడ్మిషన్‌కి వచ్చినప్పుడు ముందు అడిగేది అదే, రోజుకి ఎన్ని గంటలు చదివిస్తారండీ అని, మనం కూడా ఆ నంబర్‌నే గర్వంగా చెప్తాం. ఈ నమ్మకం తప్పు అని చెప్పడానికే ఈ లేఖ. పిల్లల మీద జాలి పడమని అడగట్లేదు (పడితే మంచిదే), మీరు కోరుకునే మార్కుల లెక్కలో చూసినా ఈ టైంటేబుల్ పిల్లల జ్ఞాపకానికి అడ్డం పడుతోంది అంటున్నాను. చదివింది మెదడులో నిలబడేది నిద్రలో, చదువుకీ చదువుకీ మధ్య వచ్చే ఎడంలో, పుస్తకం మూసేసి గుర్తు తెచ్చుకోవడానికి పడే తిప్పలో. మనం గంటలు పెంచడం కోసం కోసేస్తున్నది సరిగ్గా వీటినే.

బైపీసీ పాఠాల్లోనే మెదడు గురించి చెప్పేటప్పుడు హిప్పోకాంపస్ అనే పేరు వస్తుంది, లింబిక్ వ్యవస్థలో భాగం అని ఒక లైను రాయించి ముందుకెళ్ళిపోతాం. అది ఏం చేస్తుందో ప్రపంచానికి తెలిసింది ఒక మనిషి నష్టపోవడం వల్ల. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛలు ఎంతకీ తగ్గట్లేదని విలియం స్కోవిల్ అనే సర్జన్ మెదడుకి రెండు పక్కలా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి గానీ ఆ రోజు నుంచి ఆయనకి కొత్త సంగతి ఏదీ దాదాపుగా నిలవలేదు, 2008లో చనిపోయేదాకా అంతే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఏళ్ళ తరబడి ఆయన్ని పరీక్షిస్తూ వచ్చారు, వెళ్ళిన ప్రతిసారీ ఆయనకి ఆవిడ కొత్త మనిషే. ఇక్కడ మనం గమనించాల్సినవి రెండు. ఒకటి, ఆయనకి చిన్నప్పటి సంగతులు బాగానే గుర్తున్నాయి. అంటే జ్ఞాపకం మొదట హిప్పోకాంపస్ సాయంతో పట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిగా, రోజులూ నెలలూ కూడా తీసుకుని, మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో సొంతంగా నిలబడుతుంది అని అర్థమైంది. రెండోది, ఒక అంకె చెప్పి దాన్నే మనసులో అనుకుంటూ ఉండమంటే ఆయన కాసేపు హాయిగా పట్టుకోగలిగేవాడు, ధ్యాస పక్కకి మళ్ళగానే పోయేది.

ఈ రెండోది స్టడీ అవర్‌లో ఉండే ప్రతి ఒక్కళ్ళూ తెలుసుకోవాలి. పిల్ల ఇప్పుడే చదివింది, వెంటనే మన టేబుల్ దగ్గరికొచ్చి గడగడా అప్పజెప్పింది, మనం టిక్కు పెట్టి సంతకం చేశాం. హిప్పోకాంపస్ లేని మనిషి కూడా చేయగలిగిన రకం పని అది. వెంటనే అప్పజెప్పడం అనేది ఆ క్షణంలో పట్టుకోవడమే, రేపు ఉంటుందనడానికి అది రుజువు కాదు. అయినా మన రిజిస్టర్లన్నీ ఆ టిక్కులతోనే నిండిపోతున్నాయి.

ఇప్పుడు నిద్ర సంగతి. 1924లో కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు, ఇద్దరే స్టూడెంట్స్‌తో, చిన్న ప్రయోగమే, కానీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అర్థంలేని అక్షరాల ముక్కలు పది కంఠతా పట్టించి, కొన్నిసార్లు వెంటనే పడుకోబెట్టారు, కొన్నిసార్లు మామూలుగా మెలకువగా తిరగనిచ్చారు. ఎనిమిది గంటల తర్వాత అడిగితే నిద్రపోయినప్పుడు పదిలో సగానికి పైనే గుర్తున్నాయి, మెలకువగా ఉన్నప్పుడు ఒకటీ అరా. మొదట్లో దీన్ని, నిద్రలో కొత్త సంగతులేవీ వచ్చి అడ్డం పడవు కాబట్టి పాతవి మిగిలాయి అని అర్థం చేసుకున్నారు. తర్వాత తెలిసింది ఇంకా పెద్ద సంగతి. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల హిప్పోకాంపస్‌లో కణాల చప్పుడు విన్నారు, మెలకువగా ఉన్నప్పుడు ఎలుక తిరిగిన చోట్లకి ఏ కణాలు కలిసి పనిచేశాయో అవే కణాలు తర్వాత గాఢనిద్రలో మళ్ళీ కలిసి పనిచేస్తున్నాయి. అంటే మెదడు పగటి పాఠాన్ని రాత్రి తనంతట తాను తిరగేసుకుంటోంది. మనం లేపి చేయించాలనుకునే రివిజన్‌ని అది పడుకుని చేసుకుంటోందండీ, మనం బెల్లు కొట్టి దాన్ని ఆపుతున్నాం.

ఇంకో విషయం, రాత్రంతా నిద్ర ఒకే రకంగా ఉండదు. మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, కలలు వచ్చే నిద్ర చివరి మూడో వంతులో ఎక్కువ. పదకొండుకి పడుకోబెట్టి నాలుగున్నరకి లేపితే పోయేది మొత్తంలో రెండు మూడు గంటలు అని లెక్కేస్తాం గానీ, చివర్లో రావాల్సిన ఆ నిద్రలో చాలా భాగం ఒకేసారి పోతోంది. అంతేకాదు, నిద్ర చదివిన తర్వాత ఎంత అవసరమో చదవబోయే ముందూ అంతే అవసరం. 2007లో మాథ్యూ వాకర్ బృందం, రాత్రంతా మేలుకున్న వాళ్ళకీ బాగా పడుకున్న వాళ్ళకీ మర్నాడు కొత్త బొమ్మలు చూపించి మెదడు స్కాన్ తీశారు, మేలుకున్న వాళ్ళలో కొత్తవి పట్టుకునేటప్పుడు హిప్పోకాంపస్ స్పందన బాగా తగ్గింది, తర్వాత గుర్తుపట్టడంలో కూడా వాళ్ళే వెనకబడ్డారు. మన పిల్లలు పూర్తిగా మేలుకోవట్లేదు, నిజమే, కానీ రోజూ కొంత కొంత కోత పడుతూ వారాలు గడుస్తున్నాయి. మొదటి పీరియడ్‌లో నేను చెప్పేటప్పుడు కళ్ళు తెరిచే ఉండి ఏమీ ఎక్కని మొహాలు వరసల కొద్దీ కనిపిస్తాయి, ఆ పిల్లల్ని నిలబెట్టడం, వెనక్కి పంపి నీళ్ళు చల్లుకుని రమ్మనడం మన దగ్గర మామూలైపోయింది. నిలబెడితే నిద్ర ఆగుతుందేమో, పాఠం మాత్రం లోపలికి పోదు.

"బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బాగా ఎక్కుతుంది, మా కాలంలో మేమూ నాలుగింటికే లేచాం" అని పెద్దవాళ్ళు అంటారు, మన డీన్‌లు కూడా అంటారు. నేను కాదనను. కానీ ఆ కాలంలో నాలుగింటికి లేచిన వాళ్ళు రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో పడుకున్నారు. లేచే టైమ్ మాత్రం పాత కాలంది తీసుకుని పడుకునే టైమ్ మనది పెడితే అది ఏ కాలపు పద్ధతీ కాదు. పైగా ఈ వయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్రవేళని తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ రావడం చిన్నపిల్లల కంటే, పెద్దవాళ్ళ కంటే ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రెండు గంటల దాకా. బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలుగా చేసిన పని ఇదే. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2014లో హైస్కూళ్ళు పొద్దున ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని 2016లో అక్కడి నిద్ర వైద్య నిపుణుల అకాడమీ తేల్చింది, కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసి 2022 జూలై నుంచి అమల్లో పెట్టింది. సియాటిల్‌లో 2016లో స్కూల్ టైమ్ సుమారు గంట వెనక్కి జరిపితే పిల్లలు ఆ గంటంతా ఫోన్లు చూస్తూ కూర్చుంటారు అనుకున్నారు, కానీ కొలిచి చూస్తే రోజుకి అరగంటకి పైనే, 34 నిమిషాలు ఎక్కువ పడుకున్నారు. వాళ్ళు గొడవపడుతున్నది ఏడున్నరా ఎనిమిదిన్నరా అని, మన దగ్గర ఐదు గంటలకి ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిస్తున్నాం.

సరే, నిద్ర పక్కన పెట్టి చదివే గంటల్లోకి వద్దాం. అక్కడ కూడా మనం చేయిస్తున్నది ఎక్కువగా తిరిగి చదవడమే.

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త జ్ఞాపకం మీద పుస్తకం వేశాడు, ప్రయోగాలన్నీ తన మీదే చేసుకున్నాడు, అర్థంలేని అక్షరాల ముక్కలు వందల కొద్దీ వరసలు కంఠస్థం చేసి, మళ్ళీ నేర్చుకునేటప్పుడు మొదటిసారితో పోలిస్తే ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. ఇరవై నిమిషాలకి 58 శాతం ఆదా, ఒక రోజుకి 34 శాతం దగ్గర, నెలకి 21. పోయేది ఎక్కువగా మొదటి గంటల్లోనే పోతుంది, ఆ తర్వాత జారుడు నెమ్మదిస్తుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు మళ్ళీ అలాగే చేసి చూస్తే గీత దాదాపు అలాగే వచ్చింది. ఇది చాలామందికి తెలుసు, మోటివేషన్ క్లాసుల్లో స్లైడ్ కూడా వేస్తారు. కానీ అదే పుస్తకంలో ఉన్న ఇంకో లెక్క ఎవరూ చెప్పరు. పన్నెండు ముక్కల వరసని ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే మర్నాడు ఎంత లాభం ఉందో, అదే వరసని మూడు రోజులకి పంచి మొత్తం 38 సార్లు వల్లె వేసినా దాదాపు అంతే లాభం వచ్చింది. అంటే సుమారు సగం శ్రమతో అదే ఫలితం, చేసిందల్లా మధ్యలో ఎడం ఇవ్వడం, ఆ ఎడంలో రాత్రులు ఉండటం. నూట నలభై ఏళ్ళ నాటి సంగతి ఇది.

మన మైక్రో షెడ్యూల్ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. ఒక చాప్టర్ తీసుకుంటాం, ఆ వారమంతా అదే, వీకెండ్ ఎగ్జామ్ దాని మీదే, సోమవారం కొత్త చాప్టర్, పాతది మళ్ళీ కనపడేది నెలల తర్వాత గ్రాండ్ టెస్టుల్లో. వీకెండ్ ఎగ్జామ్‌లో మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, ఇంటికి మెసేజ్ వెళ్తుంది, అందరూ సంతోషం. జనవరిలో అదే పిల్ల అదే చాప్టర్‌లో ప్రశ్న చూసి "మేడమ్, ఇది మనకి చెప్పారా" అని అడుగుతుంది. ఆ పిల్ల బద్ధకస్తురాలు కాదు. పరీక్ష ఎంత దూరంలో ఉంటే మళ్ళీ చూసే ఎడం కూడా అంత పెద్దదిగా ఉండాలి, 2008లో సెపెడా బృందం వెయ్యి మందికి పైగా మనుషులతో చేసిన అధ్యయనంలో వారం తర్వాత అడగబోయే దానికి ఒక రోజు ఎడం బాగా పనిచేసింది, ఏడాది దాకా నిలవాల్సిన దానికి సుమారు మూడు వారాల ఎడం. మనం వారం పరీక్షకి సరిపోయే పద్ధతిలో చదివించి రెండేళ్ళ పరీక్షకి పంపిస్తున్నాం.

ఇక తిరిగి చదవడం సంగతి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీన్ని మార్చడానికి ఒక్క రూపాయి ఖర్చు కూడా ఉండదు. 2006లో వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు స్టూడెంట్స్‌కి చిన్న పాఠాలు ఇచ్చారు. కొంతమంది అదే పాఠాన్ని నాలుగు దఫాలు చదివారు. ఇంకొంతమంది ఒక్క దఫా చదివి, మిగిలిన మూడు దఫాలూ పుస్తకం లేకుండా గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన వాళ్ళదే పైచేయి, 83 శాతం, రాసిన వాళ్ళది 71. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, చదివిన వాళ్ళకి 40 శాతమే మిగిలింది, రాసిన వాళ్ళకి 61. ఇంకా ముఖ్యమైనది, మాకు బాగా గుర్తుంటుంది అని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు దఫాలు చదివిన వాళ్ళే. తిరిగి చదివినప్పుడు పేజీ పరిచయంగా అనిపిస్తుంది, ఆ పరిచయాన్నే వచ్చేసింది అనుకుంటాం, పిల్లలూ అనుకుంటారు మనమూ అనుకుంటాం. గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడినప్పుడు రాలేదు అనిపిస్తుంది, నిజానికి ఆ కష్టంలోనే జ్ఞాపకం గట్టిపడుతోంది. కాస్త మరిచిపోయాక కష్టపడి బయటికి లాగితే ఇంకా గట్టిపడుతుంది, అందుకే ఎడం కావాలనేది. పిల్లలు నా దగ్గరకొచ్చి అన్నీ మర్చిపోతున్నా మేడమ్ అని ఏడిస్తే నేను చెప్పేది ఇదే, మరుపు నీ లోపం కాదమ్మా, ప్రతి మెదడూ రోజూ చేసే పని అది, మర్చిపోయిన చోటికి మళ్ళీ వెళ్ళి పుస్తకం చూడకుండా ఇంకోసారి ప్రయత్నించు అని. కానీ ఆ ప్రయత్నానికి టైంటేబుల్‌లో జాగా లేదు, స్టడీ అవర్‌లో పుస్తకం మూసి కూర్చున్న పిల్లని ఫ్లోర్ ఇంచార్జి వచ్చి ఏం చదవట్లేదేంటి అని గద్దిస్తాడు.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. అష్టావధానం చూసిన వాళ్ళకి తెలుస్తుంది, అవధాని ఒక్కో పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పేయడు, మొదటి పాదం చెప్పి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్తాడు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళు ధ్యాస చెడగొడుతూ ఉంటారు, గంటలు కొడుతూ ఉంటారు, మళ్ళీ తిరిగొచ్చి మొదటి పాదం మనసులో తెచ్చుకుని రెండోది అల్లుతాడు, ఇలా నాలుగు ఆవృత్తాలు, చివర్లో ధారణ, పద్యాలన్నీ అప్పజెప్పాలి. చేతిలో కాగితం లేదు, తిరిగి చదువుకోవడం లేదు, ప్రతి ఆవృత్తంలో ఎడం ఇచ్చి బయటికి లాగడమే. దానికి యతి, ప్రాస, ఛందస్సు అనే కొక్కేలు ఉన్నాయి, ఏది పడితే ఆ మాట ఆ చోట ఇమడదు కాబట్టి సరైన మాట దొరికే దారి ఇరుకవుతుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా శతావధానాలు చేసిన నేల ఇది. మన పెద్దలు జ్ఞాపకాన్ని పెంచిన పద్ధతి మన కళ్ళముందే ఉంది, మనం తీసుకున్నది మాత్రం అందులో పైకి కనిపించే బట్టీ ఒక్కటే.

లెక్కల వాళ్ళకి, ఫిజిక్స్ వాళ్ళకి ఇంకో మాట. 2007లో రోరర్, టేలర్ అనే ఇద్దరు కొందరు కాలేజీ స్టూడెంట్స్‌తో నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలు చేయించారు, సగం మందికి ఒక్కో రకం విడివిడిగా, సగం మందికి అన్నీ కలగలిపి. ప్రాక్టీస్ చేసేటప్పుడు విడివిడిగా చేసిన వాళ్ళు 89 శాతం కరెక్ట్, కలిపి చేసిన వాళ్ళు 60. వారం తర్వాత పరీక్షలో విడివిడి వాళ్ళు 20, కలిపిన వాళ్ళు 63. ఎందుకంటే కలిపి ఇచ్చినప్పుడు ఏ ఫార్ములా వాడాలో ఎంచుకోవడం కూడా అలవాటవుతుంది, విడిగా ఇస్తే ఆ ఎంపిక పేజీ పైన హెడ్డింగే చేసేస్తుంది. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, ఏ ప్రశ్న మీదా చాప్టర్ పేరు రాసి ఉండదు.

భయం గురించి కూడా చెప్పాలి, దీన్ని క్రమశిక్షణ అనుకుంటున్నారు కాబట్టి. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ అప్పటికే నేర్చుకున్నదాన్ని గుర్తు తెచ్చుకోవడాన్ని దెబ్బ తీస్తుంది. 2000లో డి క్వెర్వెన్ బృందం మనుషులకి ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చి చూస్తే అంతకుముందు రోజు నేర్చుకున్న పదాలు గుర్తు తెచ్చుకోవడం తగ్గింది. వీకెండ్ మార్కులు నోటీసు బోర్డుకి అంటించడం, మైకులో చదవడం, నాలుగు మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చి స్నేహితుల్ని విడదీయడం, ఇవి పరీక్ష హాల్లో పిల్ల ఖాళీ కాగితం చూస్తూ కూర్చోడానికి కారణమవుతున్నాయి. పరీక్ష ఎక్కువసార్లు పెట్టమనే నేను అంటున్నాను, కానీ మార్కులు ఎవరికీ చూపించని పరీక్షలు, తప్పు చేసినా ఏమీ కానివి.

ర్యాంకులు వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి. ఫ్లెక్సీ మీద ఉండే ఫోటోలు ఎంతమందివి, ఆ క్యాంపస్‌లో చేరింది ఎంతమంది, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పైన ఉన్న పిల్లలు ఈ టైంటేబుల్ వల్ల వచ్చారో, దీన్ని తట్టుకుని వచ్చారో తెలియాలంటే పోల్చి చూడాలి, ఇంతవరకు ఏ యాజమాన్యం ఇలా పోల్చి బయటపెట్టడం నేను చూడలేదు.

బోర్డు అధికారులకి నా విన్నపం. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది, రోజుకి ఐదు గంటలు మించొద్దని, మరీ పొద్దున్నే గానీ మరీ రాత్రి గానీ క్లాసులు పెట్టొద్దని, వారానికో సెలవు ఉండాలని, సెలవు మర్నాడు పరీక్ష పెట్టొద్దని. మన దగ్గర కోచింగ్ అంతా జూనియర్ కాలేజీ లోపలే, హాస్టల్ లోపలే జరుగుతుంది కాబట్టి ఆ కాగితం మా పిల్లల దాకా రాలేదు. 2025 జూలైలో, విశాఖలో నీట్‌కి చదువుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ఇచ్చిన ఆదేశాలు కాలేజీలకి, కోచింగ్ సెంటర్లకి, హాస్టళ్ళకి అన్నిటికీ వర్తిస్తాయి. ఆ కేసు మన రాష్ట్రం నుంచి వెళ్ళింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఏ రెసిడెన్షియల్ క్యాంపస్‌లోనూ క్లాస్ గానీ స్టడీ అవర్ గానీ బెల్లు గానీ ఉండకూడదని మీరు ఒక్క సర్క్యులర్ ఇవ్వండి, అఫిలియేషన్ రెన్యువల్‌కి దాన్ని షరతుగా పెట్టండి. తనిఖీకి పగలు పదకొండు గంటలకి వచ్చి ల్యాబ్ రిజిస్టర్లు చూసి వెళ్ళకుండా, చెప్పకుండా తెల్లవారుజామున ఐదింటికి వచ్చి ఫ్లోర్లలో లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. పిల్లల్ని విడిగా అడగండి, ప్రిన్సిపాల్ గది బయట, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావమ్మా అని.

యాజమాన్యాలకి. రాత్రి చివరి స్టడీ అవర్, పొద్దున మొదటి స్టడీ అవర్ రెండూ తీసేయండి. మిగిలిన స్టడీ అవర్లలో సగం సేపు పుస్తకాలు మూయించండి, తెల్ల కాగితం ఇచ్చి నిన్నటి పాఠం, పోయిన వారం పాఠం, పోయిన నెల పాఠం గుర్తున్నంత రాయమనండి, తర్వాత పుస్తకం తెరిచి వాళ్ళ తప్పులు వాళ్ళనే దిద్దుకోమనండి. ఎర్రర్ లిస్ట్ (చేసిన తప్పుల జాబితా) అని మనం ఇప్పుడు రాయించేది కూడా పుస్తకం చూసి ఎక్కించుకునే పనే అవుతోంది, దాన్ని వారం తర్వాత మళ్ళీ చూడకుండా చేయిస్తేనే దానికి అర్థం. వీకెండ్ పేపర్‌లో కనీసం మూడో వంతు పాత చాప్టర్ల నుంచి ఇవ్వండి, చాప్టర్ల పేర్లు లేకుండా కలిపేసి. వీకెండ్ మార్కులు తగ్గుతాయి, ఖాయంగా తగ్గుతాయి, పేరెంట్స్‌కి ముందే చెప్పండి ఎందుకు తగ్గుతాయో, అడ్మిషన్ టైమ్‌లోనే చెప్పండి. వినరు అనుకోవద్దు. ఎన్ని గంటలు చదివిస్తారు అని అడిగే తల్లికి ఎన్ని గంటలు పడుకోబెడతామో చెప్తే ఆవిడ కాదంటుందని నేను అనుకోను, ఆదివారం ఫోన్‌లో ఆవిడ మొదట అడిగేది తిన్నావా, పడుకున్నావా అనే కదా.

వార్డెన్లు, ఫ్లోర్ ఇంచార్జిలు, మాలాంటి లెక్చరర్లు కూడా ఇదే టైంటేబుల్‌లో ఉన్నారు, వాళ్ళ నిద్ర లెక్క కూడా ఎవరైనా చూడాలి, అది ఇంకో లేఖ రాయాల్సిన విషయం.

అన్ని క్యాంపస్‌లలో ఒకేసారి మార్చడం కష్టమైతే ఒక్క చోట మొదలుపెట్టండి. జూన్‌లో ఫస్టియర్ వచ్చినప్పుడు ఒకే స్థాయి పిల్లలున్న రెండు సెక్షన్లు తీసుకోండి, లాటరీ వేసి ఒక సెక్షన్‌కి పాత టైంటేబుల్, ఒక సెక్షన్‌కి ఎనిమిది గంటల నిద్రతో, పుస్తకం మూసి రాసే స్టడీ అవర్లతో కొత్త టైంటేబుల్ ఇవ్వండి. వీకెండ్ మార్కులు చూడకండి, డిసెంబర్‌లో రెండు సెక్షన్లకీ చెప్పకుండా జూలై చాప్టర్ల మీద ఒక పేపర్ పెట్టండి. ఏ యాజమాన్యం ముందుకొచ్చినా బోటనీ, జువాలజీ పేపర్లు నేను తయారుచేసి ఇస్తాను, దిద్దే పని కూడా చేస్తాను, దానికి డబ్బులు అక్కర్లేదు. వచ్చిన ఫలితం ఎటువైపు ఉన్నా బోర్డుకి పంపండి, పేరెంట్స్‌కి చూపించండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక జువాలజీ లెక్చరర్